ప్రోగ్రామ్ నుంచి టెక్స్ట్ రాసే చిన్న లైబ్రరీ: మొదటి బైట్ నుంచి క్లోజ్ దాకా

“ప్రింట్ ఉండగా దీనికో లైబ్రరీ ఎందుకు?” అని మొదలుపెట్టి, కొన్నాళ్ళకి “ఫైల్లో చివరి లైన్లు ఎందుకు రాలేదు?” దగ్గరికి వచ్చేవాళ్ళు చాలామంది. అదే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తుంటే, మెట్లన్నీ ఒకచోట వరసగా రాసిపెట్టడం మేలనిపించింది.

మీరు కట్టబోయేది కొన్ని వందల లైన్ల లైబ్రరీ. పదాలు, సంఖ్యలు, లైన్లు తీసుకుని ఫైల్‌కో, టెర్మినల్‌కో, పైప్‌కో (ఒక ప్రోగ్రామ్ రాసింది ఇంకో ప్రోగ్రామ్‌కి అందించే దారి) పంపడమే దాని పని. ఏ భాషలోనైనా రాసుకోవచ్చు. అందుకే ఇక్కడ కోడ్ పెట్టకుండా ప్రతి మెట్టునీ మాటల్లోనే చెప్పాను.

నేను పట్టుబట్టేది ఒక్కదాని మీదే. వాడేవాళ్ళు రాయమన్న ప్రతి బైట్ గమ్యం చేరాలి. చేరకపోతే ఆ సంగతి వాళ్ళకి తెలియాలి. రంగులు, టేబుళ్ళు, అలైన్‌మెంట్ అన్నీ ఆ తర్వాతే.

ఇంత పట్టుదల ఎందుకంటే, నేను రాసిన ఒక రిపోర్ట్ ప్రోగ్రామ్ రోజూ రాత్రిళ్ళు నడిచేది. ఒక రాత్రి డిస్క్ నిండిపోయింది. ఫైల్ ఒక లైన్ మధ్యలో ఆగిపోయింది. ప్రోగ్రామ్ మాత్రం “పూర్తయింది” అని చెప్పి, ఎగ్జిట్ కోడ్ సున్నాతో, అంటే అంతా సవ్యంగా జరిగిందన్న గుర్తుతో, బయటికొచ్చింది. మొత్తాలు కలవడం లేదని నాలుగు రోజుల తర్వాత ఎవరో చెప్తేగానీ మాకు తెలియలేదు. డిస్క్ నిండడం ఎవరి చేతిలోనూ లేదు. ఆ విషయం దాచేసింది మాత్రం నా కోడే.

## 1. కోడ్ ముట్టుకునే ముందు

ఈ ప్రశ్నలకి జవాబులు ముందే కాగితం మీద రాసుకోండి. మధ్యలో మార్చుకుంటే సగం ఫంక్షన్లు తిరగరాయాల్సి వస్తుంది.

- టెక్స్ట్ ఎక్కడికి వెళ్తుంది? ఫైల్, టెర్మినల్, పైప్, మెమరీలో ఒక స్ట్రింగ్: వీటిలో ఏవేవి?
- ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలని బైట్లుగా మార్చే పద్ధతి, ఏది?
- లైన్ చివర 10 అనే ఒక్క బైట్ రాస్తారా, 13, 10 అనే జంట రాస్తారా?
- ఏదైనా తప్పు జరిగితే వాడేవాళ్ళకి ఎలా చెప్తారు?
- ఒకేసారి రెండు థ్రెడ్లు ఒకే రైటర్‌ని (మన లైబ్రరీలో టెక్స్ట్ రాసి పెట్టే వస్తువుని) వాడతాయా?

ఎవరైనా నన్నడిగితే నేను చెప్పేవి ఇవి: నాలుగు గమ్యాలూ కావాలి. ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 ఒక్కటే. లైన్ చివర మామూలుగా 10. కావాలంటే మార్చుకునే ఒక సెట్టింగ్. ఎర్రర్ సంగతి 5వ మెట్టులో, థ్రెడ్ల సంగతి 4వ మెట్టులో ఉంది.

లాగ్ లెవెళ్ళు, ఫైల్ రొటేషన్, తేదీల ఫార్మాట్లు ఇందులో పెట్టకండి. అవి ఈ లైబ్రరీ మీద కట్టే ఇంకో లైబ్రరీ పని.

## 2. గమ్యాన్ని ఒక్క ఫంక్షన్‌కి కుదించండి

లైబ్రరీ లోపల ఎక్కడా “ఇది ఫైలా, టెర్మినలా?” అనే ప్రశ్న చెల్లాచెదురుగా ఉండకూడదు. గమ్యం అంటే ఒకే ఒక్క ఫంక్షన్. దానికి కొన్ని బైట్లు ఇస్తాం. అది ఎన్ని తీసుకుందో చెప్తుంది, లేదా ఎర్రర్ ఇస్తుంది.

“ఎన్ని తీసుకుందో” అన్న మాట దగ్గర కాస్త ఆగండి. ఆపరేటింగ్ సిస్టమ్‌కి 1000 బైట్లు ఇస్తే 600 మాత్రమే తీసుకుని, విజయవంతంగానే వెనక్కి రావచ్చు. అది ఎర్రర్ కాదు. మిగతా 400 మళ్ళీ ఇవ్వాల్సిన బాధ్యత మనది. ఒక్క డిస్క్ ఫైల్‌తోనే పరీక్షించినవాళ్ళకి ఇది ఏళ్ళ తరబడి కనపడదు. పైప్ పెట్టిన రోజున, నెట్‌వర్క్ కనెక్షన్ పెట్టిన రోజున బయటపడుతుంది.

ఇలా కుదించడం వల్ల ఇంకో లాభం ఉంది. టెస్టుల కోసం దొంగ గమ్యాలు తయారు చేసుకోవచ్చు. అవి చివరి మెట్టులో చాలా పనికొస్తాయి.

## 3. బఫర్ కట్టండి

ప్రతి చిన్న పదానికీ సిస్టమ్ కాల్ చేస్తే, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌ని పిలిస్తే, ప్రోగ్రామ్ నత్తనడక నడుస్తుంది. అందుకే చిన్న చిన్న ముక్కల్ని ఒక బఫర్‌లో పోగుచేసి ఒకేసారి పంపుతాం. సైజు గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. గో భాషలోని బఫర్డ్ రైటర్ మామూలుగా 4096 బైట్లు పెట్టుకుంటుంది. 8192 పెట్టుకున్నా బాగానే ఉంటుంది. సైజు మార్చే వీలు మాత్రం తప్పకుండా ఉంచండి, టెస్టులకి కావాలి.

రైటర్ లోపల నాలుగే నాలుగు ఉంచండి: గమ్యం, బఫర్, అందులో ఇప్పటికి ఎన్ని బైట్లు నిండాయో చెప్పే అంకె, మొదట వచ్చిన ఎర్రర్.

“రాయి” అనే ఫంక్షన్ ఈ వరసలో నడవాలి:

1. ఎర్రర్ ఇప్పటికే ఉంటే ఏమీ చేయకుండా వెనక్కి వెళ్ళు.
2. కొత్త ముక్క మిగిలిన ఖాళీలో పట్టకపోతే ముందు ఫ్లష్ చెయ్యి, అంటే బఫర్‌లో ఉన్నదంతా గమ్యానికి పంపి ఖాళీ చెయ్యి. ఫ్లష్‌లో ఎర్రర్ వస్తే అక్కడే ఆగు.
3. ముక్క మొత్తం బఫర్ కన్నా పెద్దదైతే, బఫర్ జోలికి పోకుండా నేరుగా గమ్యానికి పంపు.
4. లేకపోతే బఫర్‌లోకి కాపీ చేసి, అంకె పెంచు.

చాలామంది రెండూ మూడూ తారుమారు చేస్తారు. అంటే పెద్ద ముక్కని నేరుగా పంపేస్తారు, కానీ బఫర్‌లో అంతకుముందే ఉన్న చిన్న ముక్కలు ఇంకా వెళ్ళలేదు. హెడింగ్ కింద రావాల్సిన పేరా హెడింగ్ పైన వచ్చి కూర్చుంటుంది. చిన్న టెక్స్టులతో పరీక్షించినంతకాలం ఈ తప్పు కనపడదు.

ఇక “ఫ్లష్”:

1. పంపాల్సిన బైట్లు ఉన్నంతవరకూ గమ్యాన్ని పిలువు.
2. అది ఎన్ని తీసుకుంటే అన్ని ముందుకు జరుగు.
3. సిగ్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ ప్రోగ్రామ్‌కి పంపే కబురు) వల్ల మధ్యలో ఆగిందని చెప్తే అదే ముక్క మళ్ళీ ఇవ్వు.
4. సున్నా బైట్లు తీసుకున్నానని చెప్తే దాన్ని ఎర్రర్‌గానే లెక్కపెట్టు. లేకపోతే ఈ లూప్ ఎప్పటికీ తిరుగుతూనే ఉంటుంది.
5. అన్నీ వెళ్ళాక నిండిన అంకెని సున్నా చెయ్యి.

సగం వెళ్ళాక ఎర్రర్ వస్తే బఫర్ మొత్తాన్ని మళ్ళీ మొదటి నుంచి పంపకండి. వెళ్ళిన సగం రెండోసారి వెళ్తుంది. అంకెల ఫైల్లో రెండోసారి వచ్చిన లైన్ అసలు రాని లైన్ కన్నా ప్రమాదం, ఎందుకంటే చూడడానికి సరిగ్గానే ఉంటుంది.

## 4. ఫ్లష్ ఎప్పుడు చేయాలో తేల్చండి

సి భాషలో స్టాండర్డ్ అవుట్‌పుట్ టెర్మినల్‌కి వెళ్తుంటే మామూలుగా లైన్ లైన్‌కీ బయటికొస్తుంది. ఫైల్‌కో పైప్‌కో మళ్ళిస్తే బఫర్ నిండేదాకా ఆగుతుంది. “స్క్రీన్ మీద వస్తోంది, ఫైల్లోకి పంపితే ఏమీ రావట్లేదు” అనే ఫిర్యాదులో ఎక్కువ భాగం దీనివల్లే. అయినా ఇది మంచి పద్ధతే. మీరూ ఇదే పెట్టుకోండి, కానీ వాడేవాళ్ళు మార్చుకునే వీలివ్వండి.

వీటి దగ్గర ఫ్లష్ తప్పనిసరి:

- యూజర్‌ని ఏదైనా టైప్ చేయమని అడిగే ముందు. ప్రశ్న బఫర్‌లో ఉండిపోతే, ప్రోగ్రామ్ హ్యాంగ్ అయిందనుకుంటారు.
- స్టాండర్డ్ ఎర్రర్ మీద ఏదైనా రాసే ముందు. రెండింటికీ బఫర్లు వేరు కాబట్టి వరస తారుమారవుతుంది.
- ఫోర్క్ చేసి కొత్త ప్రాసెస్ పుట్టించే ముందు. బఫర్ కూడా కాపీ అవుతుంది కాబట్టి ఒకే లైన్ రెండు ప్రాసెస్‌ల నుంచీ రెండుసార్లు వస్తుంది.
- ఎక్కువసేపు పట్టే పని మొదలుపెట్టే ముందు.
- క్లోజ్ చేసేటప్పుడు.

ప్రతి లైన్ తర్వాతా ఫ్లష్ చేయడం అలవాటు చేసుకోకండి. సి ప్లస్ ప్లస్‌లో కొత్త లైన్ కోసం ఎండ్‌ఎల్ రాసే ప్రతిసారీ ఫ్లష్ కూడా జరుగుతుందని చాలామందికి తెలియదు. లక్ష లైన్ల ఫైల్ రాసే చోట ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

క్రాష్‌ల గురించి ఒక మాట. ప్రోగ్రామ్ హఠాత్తుగా పడిపోతే బఫర్‌లో ఉన్నది పోయినట్టే. అందుకే స్క్రీన్ మీద కనిపించిన చివరి మెసేజ్ చూసి “ఇక్కడే పడిపోయింది” అనుకోకూడదు. బగ్ వెతికేటప్పుడు మెసేజ్‌లని బఫర్ లేని రైటర్‌లోకి పంపండి.

థ్రెడ్లు ఉంటే లాక్‌ని ఒక్కో పదానికి కాదు, మొత్తం లైన్‌కి పెట్టండి. ఒక్కో ఫంక్షన్ కాల్‌కి లాక్ పెడితే బఫర్ పాడవ్వదు, కానీ ఒక థ్రెడ్ వాక్యంలో ఇంకో థ్రెడ్ మాటలు వచ్చి ఇరుక్కుంటాయి. తేలికైన దారి ఒకటుంది. ప్రతి థ్రెడ్ తన లైన్‌ని మెమరీలో పూర్తిగా తయారు చేసుకుని, ఒక్కసారి “రాయి” పిలవాలి.

చాలా ప్రాసెస్‌లు ఒకే పైప్‌లోకి రాస్తుంటే లాక్ కూడా అక్కరకు రాదు. అక్కడ పాజిక్స్ (యూనిక్స్ తరహా సిస్టమ్స్‌కి ఉన్న ప్రమాణం) ఇచ్చే హామీ ఒకటుంది. ఒక హద్దు లోపల ఉన్న ముక్కని ఒకే రైట్ కాల్‌లో ఇస్తే, మధ్యలో వేరేవాళ్ళ బైట్లు చొరబడవు. ఆ హద్దు కనీసం 512 బైట్లు ఉండాలి, లినక్స్‌లో 4096. అయితే ఇది పైప్‌కి మాత్రమే.

## 5. ఎర్రర్‌ని పట్టి ఉంచండి

ప్రతి “రాయి” తర్వాతా ఎర్రర్ చూడమంటే ఎవరూ చూడరు. ముప్ఫై చోట్ల పిలిచి, మొదటి రెండు చోట్ల చూసి వదిలేస్తారు. వాళ్ళని తప్పుపట్టి లాభం లేదు. ఇంటర్‌ఫేసే దానికి తగ్గట్టు ఉండాలి.

మందు ఏమిటంటే, మొదటి ఎర్రర్ రాగానే రైటర్ దాన్ని తనలో దాచుకోవాలి. ఆ తర్వాత వచ్చే “రాయి” పిలుపులన్నీ ఏమీ చేయకుండా అదే ఎర్రర్ ఇవ్వాలి. వాడేవాళ్ళు చివర్లో ఒక్కచోట చూస్తే చాలు. గో బఫర్డ్ రైటర్ ఇలాగే పనిచేస్తుంది.

ఇందులో రెండు జాగ్రత్తలున్నాయి.

మొదటిది, దాచుకోవాల్సింది మొదటి ఎర్రర్‌నే. తర్వాత వచ్చినవి దాని మీద రాసేస్తే “డిస్క్ నిండింది” అన్న అసలు కారణం పోయి, “ఫైల్ తెరిచి లేదు” అన్న పనికిరాని మాట మిగులుతుంది.

రెండోది, చివర్లో చూడకపోతే ఏమవుతుందో ఆలోచించండి. జావాలోని ప్రింట్‌స్ట్రీమ్ రాతలో వచ్చిన ఎర్రర్‌ని ఎక్సెప్షన్‌గా విసరదు, లోపల గుర్తు పెట్టుకుంటుంది. చెక్ఎర్రర్ పిలిస్తేనే బయటపడుతుంది. అది పిలిచేవాళ్ళు అరుదు. అందుకే మన క్లోజ్ ఫంక్షన్ ఆ ఎర్రర్‌ని తప్పకుండా తిరిగి ఇవ్వాలి, దాని ఫలితాన్ని వదిలేస్తే కంపైలర్ హెచ్చరించేలా మీ భాషలో వీలుంటే అది వాడండి.

పైప్ తెగిపోవడం: మీ ప్రోగ్రామ్ అవుట్‌పుట్‌లో మొదటి పది లైన్లు చాలని హెడ్ కమాండ్‌కి పైప్ చేశారనుకోండి. పది లైన్లు తీసుకుని అది వెళ్ళిపోతుంది. యూనిక్స్ తరహా సిస్టమ్స్‌లో అప్పుడు సిగ్‌పైప్ అనే సిగ్నల్ వస్తుంది. దాన్ని ఆపి ఉంచితే రైట్ కాల్ ఈపైప్ ఎర్రర్ ఇస్తుంది. ఆపకపోతే ప్రోగ్రామ్ ఆ సిగ్నల్‌తోనే ఆగిపోతుంది; లినక్స్‌లో దాని నంబర్ 13 కాబట్టి షెల్‌లో ఎగ్జిట్ కోడ్ 141, అంటే 128కి 13 కలిపినది, కనిపిస్తుంది.

లైబ్రరీ దీన్ని వేరే రకం ఎర్రర్‌గా గుర్తించగలగాలి. చదివేవాళ్ళు చాలనుకున్నారు, అంతే. స్క్రీన్ నిండా స్టాక్ ట్రేస్ పోయకుండా మెల్లగా ఆగిపోవడం సరైన పని. డిస్క్ నిండడం అలాంటిది కాదు, దాని గురించి గట్టిగా చెప్పాల్సిందే.

## 6. బైట్, కోడ్ పాయింట్, అక్షరం: మూడూ వేరు

తెలుగు టెక్స్ట్ రాసేవాళ్ళం కాబట్టి ఈ మెట్టు మనకి మిగతావాళ్ళ కన్నా ముందే ఎదురవుతుంది. మంచిదే, ఇంగ్లీషు ఒక్కటే రాసేవాళ్ళ కోడ్‌లో ఈ బగ్ ఏళ్ళ తరబడి నిద్రపోతుంది.

“తెలుగు”, “స్త్రీ” అనే రెండు మాటలు తీసుకోండి. మొదటిదాంట్లో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. రెండోదాంట్లో స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఇలా యూనికోడ్ విడి నంబర్ ఇచ్చిన ఒక్కో గుర్తే కోడ్ పాయింట్. రెండింటిలోనూ కోడ్ పాయింట్లు ఆరు. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ పాయింట్ ఒక్కోటి 3 బైట్లు కాబట్టి రెండూ 18 బైట్లే. కానీ కంటికి ఒకటి మూడక్షరాలు, ఇంకోటి ఒక్కటే అక్షరం.

ఇంకా దగ్గరగా చూద్దాం. “తె” అంటే ఫైల్లో ఆరు బైట్లు: 224, 176, 164, తర్వాత 224, 177, 134. గమ్యం ఈసారి రెండు బైట్లే తీసుకుందనుకోండి. 224, 176 ఇప్పుడు వెళ్ళి, 164 తర్వాతి పిలుపులో వెళ్తే నష్టం లేదు. ఫైల్‌కీ పైప్‌కీ అది ఒకే ప్రవాహం. నష్టం ఎప్పుడంటే, ఎవరైనా పొడవు మించిందని అక్కడే కత్తిరిస్తే, లేదా ఒక్కో పిలుపుని విడి మెసేజ్‌గా భావించే గమ్యం ఉంటే. అప్పుడే “త” బదులు ప్రశ్న గుర్తున్న నల్ల డైమండ్ కనిపిస్తుంది.

పాటించాల్సినవి:

- బఫర్ లెక్క ఎప్పుడూ బైట్లలోనే.
- టెక్స్ట్ కత్తిరించాల్సి వస్తే అక్షరం హద్దులో మాత్రమే. బైట్ దగ్గర కత్తిరిస్తే టెక్స్ట్ చెడిపోతుంది. కోడ్ పాయింట్ దగ్గర కత్తిరిస్తే “స్త్రీ” కాస్తా “స్త్” అవుతుంది.
- మెసేజ్‌ల గమ్యానికి పంపేటప్పుడు బఫర్‌ని పూర్తి లైన్ దగ్గరే ఖాళీ చేయాలి.
- ఫైల్ మొదట్లో 239, 187, 191 అనే మూడు గుర్తు బైట్లు వాటంతట అవి రాయకూడదు. కొన్ని ప్రోగ్రామ్‌లకి అవి చెత్తగా కనిపిస్తాయి. ఎవరైనా అడిగితేనే రాయండి.

అక్షరం హద్దు మీరే కనిపెట్టడానికి ప్రయత్నించకండి. యూనికోడ్ దానికి నియమాలు ఇచ్చింది, వాటిని అమలుచేసే లైబ్రరీ వాడండి. కానీ దాని వెర్షన్ చూసుకోండి. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 నుంచే తెలుగు ఒత్తులు ఒకే గుంపుగా లెక్కకొచ్చాయి. అంతకుముందు నియమాల ప్రకారం “స్త్రీ” మూడు ముక్కలు.

ఇక అలైన్‌మెంట్. తెలుగు పేర్లున్న కాలమ్‌ని స్పేస్‌లతో సరిగ్గా నిలబెట్టాలని ఎంతో సమయం పోసినవాళ్ళని చూశాను. లైబ్రరీ ఎంత సరిగ్గా లెక్కపెట్టినా, ఒత్తులున్న అక్షరాన్ని ఎంత వెడల్పుతో చూపించాలో నిర్ణయించేది టెర్మినల్, దాని ఫాంట్. ఒకచోట కుదిరింది ఇంకోచోట కుదరదు. నా సలహా సూటిగా చెప్తాను: అంకెల కాలమ్‌లు ముందు పెట్టి, తెలుగు కాలమ్‌ని చివర పెట్టండి. చివరి కాలమ్‌కి స్పేస్‌లు నింపక్కర్లేదు. లేదా ట్యాబ్‌తో వేరుచేసి వదిలేయండి.

## 7. సంఖ్యలు

పూర్ణాంకాలకి 20 బైట్ల చిన్న చోటు చాలు. 64 బిట్లలో అతి పెద్ద సంఖ్య 18446744073709551615, ఇరవై అంకెలు. గుర్తుతో ఉన్న అతి చిన్నది -9223372036854775808, మైనస్‌తో కలిపి ఇరవై. కుడి చివర నుంచి ఒక్కో అంకె రాసుకుంటూ ఎడమకి రండి.

ఆ అతి చిన్న సంఖ్య దగ్గరే పేరుపొందిన తప్పు ఉంది. నెగటివ్ అయితే గుర్తు తిప్పి పాజిటివ్ చేసి రాద్దామనుకుంటాం. కానీ 9223372036854775808 అనేది గుర్తున్న 64 బిట్లలో పట్టదు. ముందు గుర్తులేని రకంలోకి మార్చి, సున్నా నుంచి తీసేయండి. అప్పుడు సరిపోతుంది.

దశాంశాలని టెక్స్ట్‌గా మార్చే కోడ్ మాత్రం మీరు రాయకండి. చిన్నగా కనిపించే లోతైన బావి అది. మీ భాషలో “తిరిగి చదివితే అదే విలువ వచ్చే అతి పొట్టి రూపం” ఇచ్చే ఫంక్షన్ ఉంటుంది, దాన్ని పిలవండి. డబుల్ రకానికి 17 అంకెలు ఎప్పుడూ సరిపోతాయి.

వాడేవాళ్ళు తప్పకుండా అడిగేవి రెండు. 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 ఎందుకొచ్చింది? 2.675ని రెండు స్థానాలకి కుదిస్తే 2.67 ఎందుకొచ్చింది? రెండింటికీ జవాబు ఒకటే: ఆ విలువలు బైనరీలో కచ్చితంగా పట్టవు. 2.675 లోపల ఉన్నది దానికన్నా రవ్వంత తక్కువ. లైబ్రరీ తప్పేమీ లేదు. డబ్బు లెక్కలైతే పూర్ణాంకాలతోనే నడపమని డాక్యుమెంటేషన్‌లో రాయండి.

ఇంకో సంగతి: లొకేల్, అంటే దేశం, భాషని బట్టి మారే సెట్టింగులు. కొన్ని లొకేల్స్‌లో దశాంశ బిందువు బదులు కామా వస్తుంది. కామాలతో కాలమ్‌లు వేరుచేసి ఇంకో ప్రోగ్రామ్ చదివే ఫైల్లో అలా వస్తే 3.5 కాస్తా రెండు కాలమ్‌లవుతుంది. మామూలుగా ఎప్పుడూ బిందువే రాయండి. మనుషులకి చూపించే రూపం కోసం వేరే ఫంక్షన్ పెట్టండి.

## 8. లైన్లు, ఇండెంట్, రంగులు

లైన్ చివర ఏం రాయాలో ఒక్కచోటే నిర్ణయించండి. మీరు 13, 10 రాస్తుండగా విండోస్‌లో ఫైల్‌ని టెక్స్ట్ మోడ్‌లో తెరిస్తే, అది మీ 10ని మళ్ళీ 13, 10 చేస్తుంది. ఫైల్లో 13, 13, 10 పడుతుంది. కొన్ని ఎడిటర్లలో లైన్ లైన్‌కీ మధ్య ఖాళీ లైన్ కనిపిస్తే కారణం ఇదే. ఫైల్‌ని ఎప్పుడూ బైనరీ మోడ్‌లోనే తెరవండి.

ఇండెంట్‌కి “ఇప్పుడు లైన్ మొదట్లో ఉన్నానా?” అన్న ఒక్క జెండా చాలు. లైన్ మొదట్లో ఏదైనా అక్షరం రాబోతుంటేనే స్పేస్‌లు రాయండి. వచ్చేది కొత్త లైన్ గుర్తయితే రాయకండి. లేకపోతే ఖాళీ లైన్లలో కనపడని స్పేస్‌లు మిగిలిపోతాయి.

రంగులకి మూడు షరతులు: గమ్యం టెర్మినల్ అయి ఉండాలి, నో, కలర్ అనే రెండు మాటల మధ్య అండర్‌స్కోర్ పెట్టి పెద్ద అక్షరాల్లో రాసే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఖాళీగానో, అసలు లేకుండానో ఉండాలి, మొదలుపెట్టిన రంగుని లైన్ అయ్యేలోపు ఆపేయాలి. వెడల్పు లెక్కలో రంగు కోడ్‌లు కలపకండి.

## 9. బయటి టెక్స్ట్‌ని ఫార్మాట్ స్ట్రింగ్‌గా వాడకండి

యూజర్ ఇచ్చిన టెక్స్ట్‌ని సి భాషలో ప్రింట్‌ఎఫ్‌కి మొదటి ఆర్గ్యుమెంట్‌గా ఇస్తే, అందులోని శాతం గుర్తులు ఆదేశాలైపోతాయి. శాతం తర్వాత ఎన్ ఉంటే మెమరీలోకి రాత కూడా జరుగుతుంది. ఇది సెక్యూరిటీ లోపాల్లో బాగా పేరున్నది.

చిన్న లైబ్రరీకి ఫార్మాట్ స్ట్రింగులే వద్దంటాను. “పదం రాయి, సంఖ్య రాయి, లైన్ ముగించు” అని విడి ఫంక్షన్లు ఉంటే ఆర్గ్యుమెంట్లు ఎక్కువ తక్కువ కావడం అన్న సమస్యే ఉండదు. రాయడానికి కాస్త పొడుగు, నిజమే. చదివేటప్పుడు ఆ పొడుగు తిరిగొస్తుంది.

టెర్మినల్‌కి బయటి టెక్స్ట్ పంపేటప్పుడు 27 నంబర్ బైట్‌ని అలాగే వదలకండి. టెర్మినల్‌కి ఆదేశాలు మొదలయ్యేది దానితోనే. ఒక ఫైల్ పేరులో అది ఉంటే స్క్రీన్ మీద ఉన్నది చెరిపేయవచ్చు, టైటిల్ మార్చవచ్చు. కనిపించే రూపంలోకి మార్చి రాసే ఫంక్షన్ ఒకటి ఇవ్వండి.

## 10. క్లోజ్

వరస ఇది: ఫ్లష్, తర్వాత గమ్యం క్లోజ్, తర్వాత దాచుకున్న ఎర్రర్ ఇవ్వడం. ఫ్లష్‌లో ఎర్రర్ వచ్చినా గమ్యాన్ని క్లోజ్ చేయాల్సిందే, కానీ తిరిగి ఇవ్వాల్సింది ఫ్లష్ ఎర్రర్‌నే. క్లోజ్ కూడా ఎర్రర్ ఇవ్వగలదు, ముఖ్యంగా నెట్‌వర్క్ మీదున్న ఫైల్స్‌కి.

డిస్ట్రక్టర్‌కి (వస్తువు పని అయిపోయాక దానంతట అదే నడిచే ఫంక్షన్‌కి) ఈ పని వదలకండి. రస్ట్‌లోని బఫ్‌రైటర్ స్కోప్ దాటేటప్పుడు ఫ్లష్ చేస్తుంది, కానీ అప్పుడు వచ్చిన ఎర్రర్‌ని వదిలేస్తుంది. అక్కడ ఎర్రర్ చెప్పడానికి దారి లేదు మరి. అందుకే ముందు మనమే ఫ్లష్ పిలవాలి.

రెండుసార్లు క్లోజ్ చేస్తే ఏమీ కాకూడదు. క్లోజ్ అయ్యాక రాస్తే స్పష్టమైన ఎర్రర్ రావాలి. స్టాండర్డ్ అవుట్‌పుట్ మనం తెరిచింది కాదు కాబట్టి మామూలుగా దాన్ని ఫ్లష్ చేసి వదిలేయడమే.

## 11. ఎక్కువగా వచ్చే ఫిర్యాదులు

చివరి లైన్లు లేవు. క్లోజ్ పిలవలేదు, లేదా ప్రోగ్రామ్‌ని బఫర్ ఖాళీ చేయని ఎగ్జిట్ ఫంక్షన్‌తో ఆపారు.

లైన్లు రెండుసార్లు వచ్చాయి. ఫోర్క్ ముందు ఫ్లష్ లేదు, లేదా సగం వెళ్ళిన బఫర్‌ని మొదటి నుంచి మళ్ళీ పంపారు.

ఎర్రర్ మెసేజ్ ముందు, దానికి కారణమైన లైన్ తర్వాత వచ్చింది. రెండు బఫర్ల వరస సమస్య, 4వ మెట్టు.

ఫైల్లో “31ఎమ్” లాంటి చెత్త ఉంది. గమ్యం టెర్మినలా కాదా చూడకుండా రంగు రాశారు.

అప్పుడప్పుడూ ఒక తెలుగు అక్షరం చెడిపోతోంది, అదీ పెద్ద ఫైల్స్‌లోనే. ఎక్కడో బఫర్ ముక్కని విడిగా డీకోడ్ చేస్తున్నారు. 8192, 16384 లాంటి స్థానాల దగ్గర చూడండి, దొరుకుతుంది.

## 12. టెస్టులు

మెమరీలోకి రాసే గమ్యంతో మామూలు టెస్టులు ఎవరైనా రాస్తారు. అసలు తప్పులు బయటపెట్టేవి ఈ దొంగ గమ్యాలు:

- ఎన్ని ఇచ్చినా ఒక్కసారికి ఒక్క బైటే తీసుకునేది.
- మొదటిసారి “సిగ్నల్ వచ్చింది” అని చెప్పి, రెండోసారి తీసుకునేది.
- ఎప్పుడూ సున్నా చెప్పేది.
- సరిగ్గా ఇన్నో బైట్ దగ్గర ఎర్రర్ ఇచ్చేది. ఆ స్థానాన్ని సున్నా నుంచి టెక్స్ట్ పొడవు దాకా ఒక్కొక్కటే జరుపుతూ ప్రతిసారీ నడపండి.

ఒకే టెక్స్ట్‌ని బఫర్ సైజు 1, 2, 3, 7, 8192తో రాయించి, ఐదు ఫలితాలూ బైట్ బైట్‌కీ ఒకటేనా చూడండి. టెక్స్ట్‌లో “స్త్రీ” లాంటి మాట, ఒక ఖాళీ లైన్, బఫర్ కన్నా పెద్ద ముక్క ఒకటి తప్పకుండా ఉండాలి. 3వ మెట్టులో చెప్పిన తారుమారు తప్పు ఈ ఒక్క టెస్టుతోనే పట్టుబడుతుంది.

చివరిది లినక్స్ మీద. డెవ్ డైరెక్టరీలో ఫుల్ అనే డివైస్ ఫైల్ ఉంటుంది. దానిలోకి ఏం రాసినా “చోటు లేదు” అనే ఎర్రరే వస్తుంది, అంటే డిస్క్ నింపకుండానే నిండిన డిస్క్ దొరికినట్టు. మీ లైబ్రరీతో రాసిన చిన్న ప్రోగ్రామ్ ఒకటి తీసుకుని, ఒకే ఒక్క లైన్ రాయించి, అవుట్‌పుట్‌ని అందులోకి మళ్ళించండి. ఆ లైన్ బఫర్‌లో పట్టేంత చిన్నదిగా ఉండాలి, అప్పుడే ఎర్రర్ చివరి ఫ్లష్ దాకా బయటపడదు. తర్వాత ఎగ్జిట్ కోడ్ చూడండి. సున్నా వస్తే 5వ మెట్టుకి వెనక్కి వెళ్ళండి.